ఎదురుకాళ్ల వైద్యం

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావాల్సిన చోట నా పాదాలు వచ్చాయి. అలా పుట్టినవాడు తంతే నడుము పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం. అంతే, పుట్టీ పుట్టగానే వైద్యుణ్ణయిపోయాను. చదువు అక్కర్లేదు, మూలికలు నూరక్కర్లేదు, కాలుంటే చాలు.

తెల్లారేసరికి మా అరుగు ముందు జనం బోర్లా పడుకుని ఉండేవారు. కాలవలో పడవలు లాగేవాళ్లు, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర రాళ్లు మోసేవాళ్లు, అప్పుడప్పుడూ ఒక కామందు కూడా. "ఒక్క తాపు తన్నండి బాబూ" అని బతిమాలేవారు. తన్నేవాణ్ణి. నొప్పి తగ్గినవాళ్లు అరటిగెల తెచ్చేవారు. తగ్గనివాళ్లు తమ ఖర్మను తిట్టుకునేవారు గానీ నన్ను ఒక్క మాట అనేవారు కాదు. ఇంత సుఖమైన వృత్తి దేశంలో మరోటి ఉండదు.

ముప్పయ్యేళ్లు వచ్చేసరికి తన్నడం నామోషీ అనిపించింది. గాడిద చేసే పని నేను చెయ్యడమేమిటి? రాజమండ్రిలో గోదావరి గట్టున ఒక స్వామి యోగం నేర్పుతున్నాడని విని వెళ్లాను. రెండేళ్లు ఆయన దగ్గర ముక్కు మూసుకు కూర్చున్నాను. పొద్దున్న శ్వాస మీద ధ్యాస నిలపమనేవాడు. మధ్యాహ్నం పనసపొట్టు కూరలో ఆవ తక్కువైందని వంటవాడి మీద ఇంతెత్తున లేచేవాడు. "రోగమంతా మనసులోనే ఉంది నాయనా" అని ఆయన బోధ. ఆయనకు పన్నుపోటు వచ్చినప్పుడు మాత్రం అది పంటిలోనే ఉంది.

ఇవన్నీ చూసి కూడా కావిరంగు పంచె కట్టుకుని ఊరికి తిరిగొచ్చాను. ఇక తన్నులు లేవు. ఉపవాసం, ప్రాణాయామం, ధ్యానం, ఒళ్లంతా ఒండ్రుమట్టి పట్టీలు, రెండు పూటలా తొట్టిస్నానాలు. ప్రకృతిని మించిన వైద్యుడు లేడని కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. జనం ఇంకా పెరిగారు. అర్థం కాని వైద్యానికి ఉన్న మర్యాద తన్నుకు ఎక్కడుంటుంది?

అలా మరో రెండేళ్లు గడిచాక, ఒకరోజు మా ఆవిడ పొయ్యి దగ్గర వంగి మళ్లీ లేవలేకపోయింది. నడుము పట్టేసింది. ఊరందరి నడుములూ బాగుచేసేవాడి ఇల్లాలే మంచం ఎక్కితే నా పరువేం కావాలి? సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు మొదట తోచింది అదే. ఆవిడ చేత ఊపిరి బిగబట్టించాను. మట్టి పూశాను. పస్తుంచాను. నాలుగోరోజుకి పక్కకు ఒత్తిగిలడానికి కూడా ఏడ్చింది. అప్పుడు భయం వేసింది. ఈ మనిషి ఇక లేవదేమో అనిపించింది. వీధి తలుపు వేసేసి, ఎవరూ చూడకుండా, పాత వైద్యానికే కాలెత్తాను.

"వద్దండి" అంది.

"ఈ కాలి కోసం ఊరంతా పడిగాపులు పడేవారే!"

"ఊళ్లోవాళ్లకేం తెలుసండి. మీ మట్టి తడపడానికీ, మీ తొట్లు నింపడానికీ కాలవ నుంచి రోజూ ముప్పై బిందెలు మోస్తున్నానండి. మీ కాలు నాకెందుకు? ఆ బిందె ఎత్తుకోండి, చాలు."

బిందె ఎత్తుకున్నాను. కావి పంచె ఎగ్గట్టి కాలవగట్టు దిగుతుంటే అరుగు మీద రోగులు నోళ్లు తెరుచుకుని చూశారు. అదేదో కొత్త ఆసనం అనుకున్నారు కాబోలు, ఒకడు దణ్ణం కూడా పెట్టాడు. ఏడో బిందెకి నా నడుము కలుక్కుమంది. శ్వాసా గుర్తు రాలేదు, ధ్యానమూ గుర్తు రాలేదు. మర్నాడే తొట్లన్నీ బోర్లించేశాను.

పదిహేను రోజులకి ఆవిడ లేచి నిలబడింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఆవిడ ఇంట్లో తిరగడం అంతకుముందు రెండేళ్లూ నేను రోజూ చూసిందే. ఎందుకలా అని ఒక్కనాడూ అడగలేదు.