బుద్ధుడి చెవులు

తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగైలో లుంగీలు నేసే ఆరుముగం 1978లో బౌద్ధుడయ్యాడు. ఒక సాయంత్రం మద్రాసులో ఏదో సభకు వెళ్లి, తిరుగు రైలు దిగేసరికి అయిపోయాడు. అక్కడ ఇచ్చిన బుద్ధుడి క్యాలెండరును మగ్గం ఎదుటి గోడకు తగిలించి, నుదుట విబూది మానేశాడు. టీ అంగట్లో ఎవరు కదిపినా ఒకటే మాట: బౌద్ధం మతం కాదు, నడవవలసిన దారి. దేవుడు లేడు, మొక్కు లేదు. మతం కానిదాని కోసం మనిషి ఇంత పోట్లాడతాడా అని బడిపంతులు శివప్రకాశం నవ్వేవాడు.

ఏడాది తిరిగేసరికి చిక్కొచ్చి పడింది. చెల్లెలు చెంగమ్మ కూతురికి తిరుత్తణి కొండ మీది గుడిలో చెవులు కుట్టించాలి. అందుకు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. ఉన్నది ఒక్క మేనమామ. ఆరుముగం కమ్మలైతే ముందే పంపాడు గానీ, తాను మాత్రం కొండకు రానన్నాడు. మామ లేకుండా కుట్టిస్తే, పుట్టింట్లో నీకెవరూ లేరా అని అత్తగారు చెంగమ్మను బతికినన్నాళ్లూ దెప్పుతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే ఆమె వచ్చిన పొద్దున తలెత్తకుండా గబగబా నేస్తున్నాడు.

చెంగమ్మ బిడ్డను చంకనేసుకుని మగ్గం గుంత పక్కన చతికిలబడింది.

"ఏమన్నా, నీది మతం గాదంటివి గదా?"

"గాదు."

"మతమే గానప్పుడు కొండెక్కితే ఏం చెడిపోతాది?"

మగ్గంలో అటూ ఇటూ పరుగెడుతున్న నాడె ఆగింది. ఈ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాసేపు గొణిగి, ఒక రకంగా చూస్తే మతమే అనుకోవచ్చన్నాడు.

"సరి. మీ మతంలో చెవులు కుట్టరా?"

కుట్టరన్నాడు, తెలియకపోయినా.

చెంగమ్మ లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్లి, ముఖం ఆనించి మరీ చూసింది. బుద్ధుడి చెవులు భుజాల దాకా సాగి ఉన్నాయి. తమ్మెల్లో వేలు దూరేంత బెజ్జాలు.

"ఈయనకు కుట్టినారే. యా మామ ఒళ్లో కూసోబెట్టుకున్నాడో, పాపం, రానని మాత్రం అనలేదు."

ఏడాదిగా రోజూ చూస్తున్న బొమ్మే. ఆ చెవులను మాత్రం అతను చూడనేలేదు. అది ఆయన రాజుగారి బిడ్డగా ఉన్నప్పటి సంగతని, అప్పటికింకా జ్ఞానం రాలేదని చెప్పబోయాడు.

"నా బిడ్డకు వచ్చేసిందా జ్ఞానం? దీనికింకా పండ్లే రాలేదు."

శుక్రవారం ఆరుముగం కొండెక్కాడు. దణ్ణం పెట్టనని, విబూది పూసుకోనని ముందే షరతులు పెట్టాడు. చెంగమ్మ అన్నిటికీ బుద్ధిగా తలూపింది. కంసాలి ఆచారి మొదటి చెవి కుట్టగానే బిడ్డ కొండ అదిరేలా ఏడ్చి, మామ మీసం పట్టుకుని వేలాడింది. పిలవకపోయినా వచ్చిన శివప్రకాశం వంగి, ఇంతకీ బౌద్ధం మతమా కాదా, ఇప్పుడైనా తేల్చమన్నాడు.

మీసం విడిపించుకోలేక ఆరుముగం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉండు సారూ," అన్నాడు. "ముందు రెండో చెవి కానీయ్."