సీలు లేని సీసా

కాదు, నేను ఒప్పుకోను. కారు ఇంట్లో విప్పుకునేవాళ్ల వల్లే ప్రమాదాలు జరుగుతాయని మీరు వందసార్లు అన్నా ఒప్పుకోను. మొన్న జనగామలో చాయ్ హోటల్లో ఒకాయన ఇదే మాట అంటూ దేవరుప్పుల దర్జీ ముచ్చట తీశాడు. "దర్జోడు అంగీలు కుట్టుకోవాలె గానీ బ్రేకులు చేసుడేంది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను గ్లాసు బల్ల మీద కొట్టి లేచొచ్చాను. ఆ రోజు అసలు ఏం జరిగిందో తెలిసినవాళ్లం నలుగురం. అందులో నేనొకణ్ని.

2011. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె. బస్సులు లేవు, దుకాణాలు లేవు, ఆఫీసులకు తాళాలు. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ని. అక్కడ ఒక పెద్ద సర్వీస్ సెంటర్లో సూపర్‌వైజర్‌తో కొట్లాడి, జనగామలో ఒక కార్ల షెడ్డులో చేరి అప్పటికి ఆరు నెలలు. ఒక చేతిలో పానా, ఒక చేతిలో ఫోను. షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన తిట్టేది కూడా ఆ ఫోను గురించే.

ఆ దర్జీ, దేవరుప్పుల యాకూబ్ భాయ్, మా షెడ్డుకు సామాను కోసమే వచ్చేవాడు, రిపేరుకు ఎప్పుడూ రాలేదు. పాత చిన్న కారు. సీట్లు ఆయనే కుట్టాడు, రంగు ఆయనే వేశాడు, ఇంజన్ కూడా ఇంటి ముందు రేకుల పందిరి కిందే విప్పి బిగించాడు. ఏ భాగం విప్పినా దానికో గుడ్డ ముక్క కట్టి, దాని మీద దర్జీ పెన్సిల్‌తో తారీఖు రాసేవాడు. చొక్కా కాలర్లో పెట్టే లేబుల్ లాగా. ఉస్తాద్‌కు ఆయనంటే మంట. "వీడు కారుకు కూడా కాజాలు కుడ్తడు" అనేవాడు.

సమ్మెకు ముందు ఒకసారి చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. అప్పుడు బ్రేక్ బ్లీడింగ్ చేస్తున్నారు. అంటే బ్రేకు పైపుల్లో చేరిన గాలిని బయటికి తీయడం. ఒకరు పెడల్ తొక్కుతూ ఉండాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి బిగించాలి. తొక్కేది ఆయన భార్య సాబిరా. ఇంట్లో కాజాలు, గుండీల పని ఆమెదే.

"దబావ్!" తొక్కమని కారు కింద నుంచి ఆయన.

"దబాయీ" సీట్లో నుంచి ఆమె.

"ఛోడో!" కాలు తీయమని ఆయన.

"ఇంకెన్నిసార్లు? కాలు గుంజుతుంది."

"గాలి మొత్తం పోవాలె కదా."

"గాలి కారుల లేదు, మీ మాటలల్ల ఉన్నది" అని ఆమె నాతో అని నవ్వింది. నేను చూసిన సర్వీస్ సెంటర్లలో ఆ పని అంత ఓపికగా చేసినవాళ్లు లేరు. సత్యంగా చెప్తున్నా.

సమ్మె మధ్యలో ఒక పొద్దున యాకూబ్ భాయ్ కారు మెల్లగా నడిపించుకుంటూ వచ్చాడు. షెడ్డు షట్టర్ సగం దించి ఉంది. ఉస్తాద్ ధర్నా దగ్గర ఉన్నాడు. సాబిరా వాళ్లమ్మ జనగామ దవాఖానాలో ఉంది, రోజూ అన్నం గిన్నె తేవాలి, బస్సు లేదు. బ్రేకు పెడల్ దిగిపోతోందట. మాస్టర్ సిలిండర్ కిట్, అంటే పెడల్ ఒత్తితే ఆయిల్‌ను చక్రాలకు తోసే గొట్టంలో ఉండే రబ్బరు వాషర్లు, దాంతోపాటు ఒక సీసా బ్రేక్ ఆయిల్ కావాలన్నాడు.

నేను ఫోన్లో ఉన్నాను. హైదరాబాద్ దోస్తు ఒకడు ధర్నా ఫొటోలు పంపిస్తున్నాడు. కిట్ ఇచ్చాను. వెనక్కి చెయ్యి పెట్టి సీసా తీసిచ్చాను.

ఆయన మూత తిప్పి చూశాడు. "తమ్మీ, సీల్ లేదేంది?"

"షెడ్డుల గట్లనే ఉంటది."

"జర ఇంకోటి చూస్తవా? నా దిల్ ఒప్పుకుంటలేదు."

నాకు తిక్క రేగింది. ఉన్నమాటే రాస్తున్నా. "ఇంట్ల చేసుకునేటోళ్లకు అన్నీ అనుమానాలే భాయ్. బంద్‌ల షట్టర్ లేపి ఇస్తున్న. మా మీద నమ్మకం లేకుంటే పో."

ఆయన మూత మళ్లీ బిగించాడు. సీసా సంచిలో పెట్టుకున్నాడు. ఎవరి పనినీ నమ్మని మనిషి, ఆ ఒక్కసారి మమ్మల్ని నమ్మాడు.

మా షెడ్డు అలవాటు ఒకటి చెప్పాలి. బండిని పైకి లేపే జాకీలో పోసే ఆయిల్ పెద్ద డబ్బాలో వస్తుంది. అది లేపి పోయడం కష్టమని ఖాళీ అయిన బ్రేక్ ఆయిల్ సీసాల్లో నింపి పెట్టుకునేవాళ్లం. ఎడమ అరలోవి కొత్త సీసాలు, కుడి అరలోవి జాకీవి. మా అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ దాని మీద ఒక్క ముక్క రాయలేదు. రెండూ చూడటానికి లేత పసుపే. కానీ జాకీ ఆయిల్ తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బుతుంది. నా చెయ్యి ఏ అర మీదికి పోయిందో నేను చూడలేదు.

నాలుగో రోజు ట్రాక్టర్ కట్టి ఆ కారును మా షెడ్డుకే లాక్కొచ్చారు. దేవరుప్పుల దాటక ముందే రోడ్డు మీద వంటా వార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తినడం అప్పటి నిరసన. ఆడవాళ్లు, పిల్లలు బంతి కూర్చున్నారు. యాకూబ్ భాయ్ పెడల్ తొక్కితే అది నేల దాకా పోయింది. ఆయన కారును పత్తి చేనులోకి తిప్పాడు. కాలువ గట్టుకు కొట్టుకుంది. బంతిలో ఒక్కరికీ గీత పడలేదు. పక్క సీట్లో ఉన్న సాబిరా కుడి మణికట్టు విరిగింది.

కానిస్టేబుల్ వచ్చి కూర్చున్నాడు. బ్రేకులు ఎందుకు పోయాయో షెడ్డు నుంచి కాగితం కావాలన్నాడు. నేను సిలిండర్ విప్పాను. రబ్బరు వాషర్లు నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ఉస్తాద్ ఆయిల్ వేళ్ల మధ్య రుద్దాడు, వాసన చూశాడు, తలెత్తి కుడి అర వైపు చూశాడు. నన్ను వెనక్కి పిలిచాడు.

"ఎవలిచ్చిండ్రు?"

"నేనే. ఉస్తాద్, గది మన సీసనే. చెప్దాం."

"చెప్తే రేపటి సంది ఒక్క బండన్న వస్తదారా? పది మంది కడుపు కొడ్తవా? దర్జోడు ఇంట్ల ఏదో పోసుకున్నడు. అంతే. రాయి."

షెడ్డులో తెలుగు శుభ్రంగా రాసేది నేనే. "యజమాని స్వయంగా ఇంట్లో చేసిన రిపేరులో తప్పు ఆయిల్ వాడినందున బ్రేకులు పనిచేయలేదు" అని రాశాను. కింద ఉస్తాద్ సంతకం, నా సంతకం.

కానిస్టేబుల్ వెళ్లాక కారు కింద దూరాను. పత్తి చేనులోకి తిప్పితే మాత్రం అంత వేగంలో ఉన్న బండి గట్టుకు తగిలేలోపు అంత నెమ్మదిగా ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. వెనక చక్రాల దగ్గర హ్యాండ్ బ్రేక్ కేబుల్ కొత్తగా బిగించి ఉంది. దానికి గుడ్డ ముక్క కట్టి, తారీఖు రాసి ఉంది. సమ్మె మొదలవక ముందు తారీఖు. హ్యాండ్ బ్రేక్‌కు ఆయిల్‌తో పని లేదు, అది చేత్తో తీగను లాగితే పట్టేది; ఆయన దాన్నే లాగాడు. మేమిచ్చిన సీసా ఆ బంతి మీదికి తోసిన కారును, ఆయన ఇంట్లో బిగించుకున్న కేబుల్ ఆపింది.

కాగితం రాసిన మూడో రోజు దేవరుప్పుల వెళ్లాను. యాకూబ్ భాయ్ మిషన్ దగ్గర కూర్చుని కాజాలు కుడుతున్నాడు. సాబిరా చేతికి పట్టీ. నేను నోరు విప్పేలోపే ఆయన లేచి, ఒక గాజు గ్లాసులో నీళ్లు తెచ్చి, నేనిచ్చిన సీసాలో మిగిలిన ఆయిల్ కాస్త పోశాడు. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఇది పైన తేలింది.

"ముందుగాల్నే చూసేది ఉండె" అన్నాడు. "నువ్వు గంత గట్టిగ అంటే సిగ్గైంది."

"పోలీసులకు చెప్పలేదా భాయ్?"

"గ్లాసు చూపెట్టిన. ఠాణాల నవ్విండ్రు. దర్జోని మాట ఎక్కువనా, షెడ్డు కాగితం ఎక్కువనా?"

సాబిరా నా వైపు చూడకుండా అడిగింది. "కాగితం రాసింది ఎవలు?"

"నేనే."

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

ఆ సాయంత్రమే ఇంకో కాగితం రాసుకుని ఠాణాకు వెళ్లాను. అదే కానిస్టేబుల్ రెండూ పక్కపక్కన పెట్టాడు. "రెండూ నీ చేతిరాతనే. ఇందుల అబద్ధం ఏది? ఎవరన్న ఏమన్న ఇచ్చిండ్రా?" అన్నాడు. నేను అరిచాను. బయటికి నెట్టారు. మొదటి కాగితమే నిలిచింది. మర్నాడు ఉస్తాద్ నన్ను షెడ్డులోంచి పంపేశాడు.

రెండేళ్లయింది. ప్రత్యేక రాష్ట్రం ఇవాళో రేపో వస్తుందంటున్నారు. నేను ఇప్పుడు ఇంకో షెడ్డులో ఉన్నాను. ప్రతి సీసాకూ గుడ్డ కట్టి పేరు రాస్తాను, తోటివాళ్లు నవ్వినా సరే. సీలు లేనిది అడిగినవాడికి కూడా ఇవ్వను. అనుమానంతో అడిగేవాడి మీద అరవకూడదని ఆ సీసా నేర్పింది. నేర్చుకున్నది నేను, విరిగింది సాబిరా మణికట్టు. అది ఇప్పటికీ పూర్తిగా వంగదు, ఆమె కాజాలు కుట్టడం మానేసింది.

పోయిన నెల యాకూబ్ భాయ్ కారును మళ్లీ చూశాను. మా పాత షెడ్డు ముందే, బానెట్ లేపి ఉంది. ఆయన దూరంగా స్టూలు మీద, చేతులు కట్టుకుని, వేరేవాళ్లు తన కారు విప్పుతుంటే చూస్తున్నాడు. ఎక్కడా గుడ్డ ముక్క లేదు. చాయ్ హోటల్లో అందరూ అంటున్నారు, దర్జీకి ఇప్పటికి బుద్ధి వచ్చిందని. మీరు కూడా అదే అంటారా?