కస్టమర్ కేర్‌లో కొర్రమీను

ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఉద్యోగం చెయ్యడమంటే మహారాజయోగం అనుకునేవాళ్ళం. ఆ యోగానికి ఇంటర్నెట్టు అనే గ్రహం కూడా అనుకూలించాలని నాకు అప్పటికింకా తెలియదు. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగు అయిపోగానే బెంగళూరు కంపెనీలో ఉద్యోగం సంపాదించి, కొల్లేటి ఒడ్డున మా మేనత్తగారింట్లో ల్యాప్‌టాప్ తెరిచాను. (మా ఊరికి అప్పటికి కేబుల్ నెట్టు రాలేదు, అత్తవాళ్ళ ఊరికి వచ్చింది. రావడమంటే, వస్తూ పోతూ ఉండేది.) శిక్షణ మొదలైన మర్నాడే రూటర్ మీద ఎర్రదీపం వెలిగింది. శిక్షణకు సరిగా హాజరు కానివాళ్ళకి ఉద్యోగం ఉండదని కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. సెల్లు సిగ్నలు కోసం చేపల చెరువు గట్టెక్కి, ఎండలో గొడుగు పట్టుకుని పాఠం విన్నాను. నీళ్ళు చిలికే ఏరియేటర్ల రొదకి మా ట్రైనరు, "మీరు హెలికాప్టర్లో ఉన్నారా?" అని అడిగింది. "ఇంకోసారి ఇలా అయితే కష్టం" అని కూడా అంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కాసేపు సంగీతం వినిపించి, లైన్‌మ్యాన్ ఫీల్డులో ఉన్నాడని చెప్పి, రూటర్ ఆపి మళ్ళీ వెయ్యమనేవారు. వేసేదాన్ని. ఆ వెంటనే "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజీ వచ్చేది. ఎర్రదీపం మాత్రం నన్ను చూసి నవ్వుతూనే ఉండేది. నేను ఏడుపుమొహం పెట్టేసరికి అత్త, "ఏడుస్తావేంటే? మనం వెళ్ళి మర్యాదగా అడుగుదాం, పద" అంది. మా అత్త చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు, ఆవిడ మాట కాదన్నవాళ్ళూ లేరు. పనిలో పనిగా ఏలూరులో ఉన్న ఆడపడుచుకి ఇవ్వడానికి, బతికున్న కొర్రమీనుని నీళ్ళ బకెట్లో వేసి పైన తువ్వాలు కట్టింది.

ఏలూరులో ఆ నెట్టు కంపెనీ కస్టమర్ కేర్ ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది, మేనేజరు అంతకంటే చల్లగా ఉన్నాడు. "సిస్టమ్‌లో మీ కంప్లయింటు క్లోజైపోయిందండి. నెట్ వస్తోందని చూపిస్తోంది" అన్నాడు తలెత్తకుండా.

"మీ సిస్టమ్‌లో వస్తోందేమోనండీ, మా ఇంట్లో రావట్లేదు" అంది అత్త.

"అయితే మళ్ళీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యండి మేడం."

"మరి ఇదేంటండీ?"

"ఇదీ కస్టమర్ కేరేనండి. కానీ ఫోన్ చెయ్యాలి."

మా వెనక నిలబడ్డవాళ్ళంతా గొల్లుమన్నారు. (అందరివీ 'పరిష్కరించబడిన' సమస్యలేనట.) ఆ నవ్వులకి ఉలిక్కిపడిందో, ఏసీ పడలేదో, కొర్రమీను తువ్వాలు తన్నుకుని ఒక్క ఎగురు ఎగిరి నున్నటి టైల్సు మీద పడి, జరజరా పాకుతూ మేనేజరు టేబులు కిందికి దూరింది. ఆయన "పాము! పాము!" అంటూ కుర్చీ ఎక్కేశాడు. నేను సిగ్గుతో స్తంభం వెనక్కి తప్పుకున్నాను.

"పాము కాదు బాబుగారూ, కొర్రమీనండీ. ఏమీ చెయ్యదు" అంది అత్త, అంగుళమైనా కదలకుండా.

"పట్టుకోండి మేడం!"

"ఆయ్, పట్టేస్తానండీ. మీరలా లైన్‌మ్యాన్‌కి ఒక్క ఫోన్ చేసెయ్యండి, నేనిలా పట్టేస్తాను."

ఆయన కుర్చీ మీద నిలబడే ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళూ 'ఫీల్డులో ఉన్న' లైన్‌మ్యాన్ మొదటి రింగుకే పలికాడు! అత్తవాళ్ళ ఊరి గట్టు మీద తీగ తెగిందనీ, ఆ సంగతి ముందే తెలుసనీ కూడా చెప్పాడు. అత్త వంగబోయి ఆగింది. "పాపం, వీళ్ళవి కూడా చెప్పెయ్యండి బాబూ. మళ్ళీ మళ్ళీ కుర్చీ ఎక్కడం మీకూ ఇబ్బందే కదండీ." వరసలో ఉన్నవాళ్ళు ఒకరి తరవాత ఒకరు తమ ఊరి పేరు చెప్పడం, పైనుంచి మేనేజరు దాన్ని ఫోనులో అప్పజెప్పడం! అందరివీ అయ్యాక అత్త టేబులు కింద చెయ్యి పెట్టి, చంటిపిల్లని తీసినంత సుతారంగా చేపని తీసి బకెట్లో వేసి, "వస్తామండీ" అని నమస్కారం పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు.

అత్త ఆడపడుచుకి చేపనిచ్చేసి మేము ఇల్లు చేరేసరికి లైన్‌మ్యాన్ నిచ్చెన దిగుతున్నాడు. పచ్చదీపం వెలగ్గానే ఎగిరి గంతేసి, అత్తని పట్టుకుని గిరగిరా తిప్పేశాను. ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు నేనుండే నగరంలో నెట్టు పోతే, ఫోనులో ఏదో నొక్కేసి, వచ్చినప్పుడే వస్తుందిలే అని ఊరుకుంటున్నాను. వచ్చినా గంతెయ్యడం లేదు. ఒక పచ్చదీపానికి పండగ చేసుకున్న ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.