వడ్డించని సాళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఇబ్రహీంపట్నం దగ్గర ఆ టమాటా చేలో వచ్చినంత కోపం మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వాగదు.

అప్పుడు నేను వ్యవసాయ పరిశోధనలో కొత్తగా చేరాను. మొక్కల బలానికని మా ల్యాబులో ఒక పొడి తయారుచేశాం. అది నిజంగా పనిచేస్తుందో లేదో రైతు పొలంలో చూడాలి. చేను ఇచ్చేవాళ్లేరీ? అంతకుముందు ఏడు ఎవడో కారులో వచ్చి, రంగురంగుల కాగితాలు పంచి, ఏదో మందు డబ్బాలు అంటగట్టి పోయాడట. కాపు పెరగలేదు, వాడూ మళ్లీ కనిపించలేదు. చివరికి ఆ డబ్బాలు కొని మోసపోయిన ఒకావిడే ఒప్పుకుంది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

"ఒక్కటే మాట పిల్లా. పనికొస్తే వస్తదని చెప్పు, రాకుంటే రాదని చెప్పు. ఇంకోపారి మోసం జరిగిందనుకో, నిన్ను ఊర్ల అడుగువెట్టనియ్య" అంది.

సగం సాళ్లకు పొడి వేసి, సగం వదిలేశాను. పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా పొడి సంగతి తెలిసేది. తీరా కాపు వేళకు వెళ్లి చూస్తే, వదిలేసిన సాళ్లే ఎక్కువ నిగనిగలాడుతున్నాయి!

"పెద్దమ్మా, వీటికి ఏమన్న ఏసినవా?"

"అవ్, పేడెరువు ఏసిన." జంకూ లేదు, గొంకూ లేదు.

"అయ్యో, ఎందుకేసినవ్?" చేనంతా వినబడేలా అరిచాను.

"ఎందుకేంది! బంతిల కూసోవెట్టి సగం మందికి వడ్డించి, సగం మందిని ఉత్త విస్తరి ముంగట కూసోవెడ్తరా? పాపం, అవి నా దిక్కే చూసినట్టు అనిపించింది."

నా కష్టమంతా పేడపాలైంది. గట్టు మీద మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆవిడ చల్ల తెచ్చిచ్చింది. తాగుతుంటే తట్టింది: అందరికీ వడ్డిస్తే ఈవిడకు ఏ బాధా ఉండదు కదా!

మరుసటి పంటకు రెండు రకాల సంచులు తెచ్చాను. ఒకదాంట్లో మా పొడి, ఇంకోదాంట్లో చూడ్డానికి అచ్చం అలాగే ఉండే, ఏ బలమూ లేని పొడి. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పసుపు దారం; సగం సాళ్లకు ఇదీ, సగం సాళ్లకు అదీ. ఏది ఏదో ల్యాబులో ఉన్న నా స్నేహితురాలికి తప్ప ఎవరికీ తెలియదు.

"గిప్పుడు మంచిగుంది" అంది పెద్దమ్మ. ఆ వెంటనే నా చెవిలో, "జర నాకొక్కదానికే చెప్పు, అసలుది ఏది?"

"నాకే తెల్వదు పెద్దమ్మా."

"నీకే తెల్వకుంటే నువ్వేం సైంటిస్టువే!"

కోసిన ప్రతిసారీ ఏ రంగు సాళ్ల తూకం ఎంతో ఆవిడ ప్రహరీగోడ మీద సుద్దముక్కతో రాసేదాన్ని. దారిన పోయేవాళ్లంతా చదివేవారు. ఒకాయన నా కూడిక తప్పు పట్టి, అరచేత్తో తుడిచి దిద్దాడు. ఎరుపని కొందరు, పసుపని కొందరు ఒకటే వాదన.

ఆఖరి కోతనాడు అందరి ముందూ స్నేహితురాలికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఎర్ర దారమే మా పొడి అంది. గోడ వైపు చూశాను. ఎరుపూ పసుపూ ఇంచుమించు ఒకటే. మా పొడి ఏమీ చేయలేదు.

ఏడుపొచ్చినంత పనైంది. ఆ కారువాడికీ నాకూ తేడా ఏముందని ఊళ్లోవాళ్లు అంటారనుకున్నాను. అయినా మాటిచ్చాను కదా.

"మా పొడి పనిచెయ్యలేదు. ఎవ్వరు కొనకుండ్రి" అని చెప్పేశాను. ఏం చేయాలో తోచక, "గోడ ఖరాబైంది, కడుగుత పెద్దమ్మా" అన్నాను.

"ఉండనియ్యి! రేపు ఇంకెవడన్న డబ్బలు వట్టుకొని వస్తే గిదే చూపిస్త. నువ్వు గూడ గిట్లనే రాసి చూపియ్యి బిడ్డా అని వానితోని అంట" అని, నా చేతిలో చల్ల గ్లాసు పెట్టింది. "నువ్వు ఇంకో పొడి చేసినంక రా బిడ్డా, చేనిస్త. గాని అందరికీ వడ్డించాలె."