ఆ మూడు ఫ్లాపీలు నా దగ్గరే ఉన్నాయి

ఇరవై ఏళ్ళకు పైగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే ధైర్యం.

తొంభైల చివర్లో బందరులో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. నాతోపాటు సుభాషిణి. రోజూ పక్కనే ఉన్న గూడూరు నుంచి బస్సులో వచ్చేది. గుడివాడలో ఒక ఆసుపత్రి కోసం, రోగుల వివరాలు దాచే ప్రోగ్రాము ఆమె ఒక్కతే ఎనిమిది నెలలు కూర్చుని రాసింది. నేను పాఠాలు చెప్పేవాణ్ణి. ఆమెలా రాయడం నాకు రాదు. ఆ సంగతి తెలుసు కాబట్టే కుళ్ళు. ఎలా రాసిందో చూద్దామని ఒక శనివారం ఆమె సొరుగులోంచి, ప్రోగ్రాము కాపీ ఉన్న మూడు ఫ్లాపీలు అడక్కుండా ఇంటికి పట్టుకెళ్ళాను. సోమవారం తిరిగి తేవడం మర్చిపోయాను. ఆ సోమవారమే ఆఫీసు కంప్యూటరు హార్డ్ డిస్కు పోయింది.

ఆమె కంగారుపడలేదు. కాపీ ఉందండీ అంటూ సొరుగు లాగింది. ఖాళీ. అన్నీ బయటపడేసి వెతికింది. ఓనరు గారు అందరి ముందూ అరిచారు. మా ఇల్లు సైకిల్ మీద పది నిమిషాలు. తెస్తానంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. అంతలో ఆమే అంది: "నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటానండీ. తప్పు నాదే."

నోరు మూసుకున్నాను. ఎందుకు? దొంగంటారనా? ఆమె ఒక్కసారైనా తలదించుకుంటే చూడాలనా? ఈ రెండో ప్రశ్నను ఇన్నాళ్ళూ నన్ను నేను అడగనివ్వలేదు.

మళ్ళీ మొదటినుంచి రాయడానికి నన్ను ఆమెకు తోడు వేశారు. రెండు నెలల గడువు. ఆమె గుర్తుచేసుకుంటూ చెప్పేది, నేను టైపు చేసేవాణ్ణి. ఆమె ఎక్కడ ఆగిపోయిందో గుర్తుపెట్టుకునేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే ఇంట్లో నా పాత కంప్యూటరులో ఫ్లాపీ పెట్టి చూసుకుని, ఆఫీసుకొచ్చి అప్పుడే తట్టినట్టు చెప్పేవాణ్ణి.

"నేను రాసింది నాకే గుర్తు రావట్లేదు. మీకెలా తట్టిందండీ?" అందొకరోజు.

"ఏమోనండీ, అలా వచ్చేసింది."

"మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో."

చెప్పడానికి ఇంకా సిగ్గుపడేది ఒకటుంది. ఆ రెండు నెలలంత సంతోషంగా నేనెప్పుడూ లేను. పాతదాంట్లో తప్పులు ఇద్దరం కలిసి సరిదిద్దాం, నేను కూడా రాయగలనని నాకు తెలిసింది, ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్న పనే ఈరోజుకీ నాకు అన్నం పెడుతోంది. గుడివాడ ఆసుపత్రి కౌంటరు దగ్గర ఒక రోగి పేరు కొట్టగానే వివరాలన్నీ తెర మీదికొచ్చాయి. ఆమె చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

తర్వాతి ప్రాజెక్టు ఓనరు గారు నాకిచ్చారు. ఆమెను పాఠాలకు మార్చారు. ఏడాది తిరక్కుండా ఆమె మానేసింది.

ఇప్పుడు బంటుమిల్లిలో పిల్లలకు కంప్యూటరు నేర్పుతోందట. ఆమె దగ్గర చదువుకున్న ఒకమ్మాయి మా ఆఫీసులో చేరి, మొన్న మాటల్లో చెప్పింది. మొదటి రోజు ప్రతి క్లాసులోనూ మేడమ్ తన కథే చెబుతారట. "నా అజాగ్రత్త వల్ల ఎనిమిది నెలల పని పోగొట్టుకున్నాను, మీరలా ఉండకండి" అని. ఆ అమ్మాయి సుభాషిణి నంబరు ఇచ్చింది. ఫోన్ చేయలేదు. చేస్తానని మీకు మాటివ్వలేను.

సుభాషిణి ఏదీ పోగొట్టలేదు. నేను తీశాను. రాసేశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.