మాస్టారి నడుంనొప్పి

మా టైలరు మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పని, "అబ్బా!" అనడం. తీరిక దొరికితే బట్టలు కూడా కుట్టేవారు. కొట్లో అందరం మిషన్లు తొక్కుతుంటే ఉన్నట్టుండి నడుం పట్టుకుని పొలికేక పెట్టేవారు.

"అబ్బా! నా నడుం! ఆపండి మిషన్లు! అందరూ పడుకోండి!"

"నొప్పి మీకైతే మేమెందుకండీ పడుకోవడం?" అని మొదట్లోనే అడిగాను.

"పక్కన ఒక్కరు పని చేస్తున్నా నాకు విశ్రాంతి కుదరదు. పడుకో!"

ఇక చేసేదేముంది? తలా ఒక గుడ్డ పరుచుకుని పడుకోవాల్సిందే. ఒకసారి కోటు సరిచూసుకోడానికి వచ్చిన బ్యాంకు మేనేజరుని ఒంటినిండా గుండుసూదులతో అలాగే పడుకోబెట్టారు. పాపం, ఆయనకి పక్కకి తిరిగే దారి కూడా లేదు.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే అసలు నొప్పి నాది! నడుం దగ్గర నరం నొక్కుకుపోయి, ఏళ్ళ తరబడి మడమ దాకా కరెంటు పాకినట్టు లాగుతోంది. పూర్తిగా తగ్గదు, మధ్యమధ్యలో పని ఆపి కాలు చాపుకోవాలన్నాడు డాక్టరు. పాత కొట్లో ఆ మాట చెప్పినందుకు "అయ్యో, హాయిగా ఇంట్లోనే రెస్టు తీసుకోమ్మా" అని తియ్యగా గెంటేశారు. రెస్టు అన్నం పెడుతుందా? ఇంట్లో మా ఆడపడుచేమో "చూడ్డానికి దుక్కలా ఉన్నావు, నొప్పేమిటి?" అంటుంది. రక్తం కారితే తప్ప నమ్మరు కాబోలు! అందుకే ఇక్కడ నోరు మూసుకుని తొక్కేదాన్ని. ఈయన మాత్రం అరిచి మరీ రాజభోగం అనుభవిస్తారు!

మొన్న డాక్టరు దగ్గరికని సెలవు పెట్టాను. త్వరగా అయిపోతే కొట్టుకే వెళ్ళాను. మిషన్లు హోరెత్తుతున్నాయి. మాస్టారు భుజాన గుడ్డతాను వేసుకుని, నిచ్చెనెక్కి అటక మీదికి చేరవేస్తున్నారు. పైగా ఈల కూడానూ!

"ఏమైందండీ మీ నడుం?" గుమ్మంలోంచే గయ్యిమన్నాను.

ఈల ఆగింది. "అబ్బా," అన్నారు ఆలస్యంగా.

ఇస్త్రీ చేసే అక్క పకపకా నవ్వింది. "నువ్వు రాని రోజు ఆయనకి నొప్పి రాదే పిల్లా!"

"అంటే?"

"నొప్పి మొదలైతే నువ్వు ఒంటికాలితో తొక్కుతావు," అన్నారు మాస్టారు, మొహం గుడ్డతాను వెనక దాచుకుని. "ఆ చప్పుడు వేరుగా ఉంటుంది. అది వినగానే నేను అరుస్తాను."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా!"

"చెప్తే కత్తెర విసిరేదానివి."

నిజమే, అప్పటికే బల్ల మీద కత్తెర కోసం వెతుకుతున్నాను. ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకున్న తిట్లన్నీ దండగైపోయాయి, అదొక మంట.

"ఇకనుంచి నువ్వే చెప్పు తల్లీ. నీ మిషను ఇంకెవరికీ ఇవ్వను. పగటినిద్ర నావల్ల కాదు. పడుకుని పడుకుని బొజ్జ వచ్చింది, నా కోటు నాకే పట్టడం లేదు!"

"అయితే వినండి. ఇప్పుడే లాగుతోంది," అన్నాను పళ్ళు కొరుకుతూ.

ఎవరూ అయ్యో అనలేదు. మాస్టారు నిచ్చెన దిగి, బల్ల పక్కన గుడ్డ పరిచి, తన కత్తిరింపులో తను పడ్డారు. మిషన్లు ఆగలేదు. ఆ హోరులోనే కాలు చాపుకుని, అందరి మీదా కోపంతో, హాయిగా నిద్రపోయాను.