పొడి రాలని రెక్క

కవిటి చుట్టుపక్కల కొబ్బరాకు ఎండితే రైతులు ఇప్పుడు ముందుగా కుసుమకే ఫోను చేస్తారు. ఆ నమ్మకం ఒక్క ఉదయంలో కుదిరింది.

పదో తరగతితో బడి మానేసిన కుసుమ పదకొండేళ్లుగా మిత్రపురుగులు పెంచే కేంద్రంలో పనిచేస్తోంది. కొబ్బరాకుని గోకి తినే నల్లతల పురుగు మీదకు వదలడానికి చీమంత మిత్రపురుగుల్ని అక్కడ పెంచుతారు. వాటిని ఊరి తోటల్లో వదిలించింది తనే. మందు కొట్టొద్దని పూచీ పడిందీ తనే.

నెల తిరక్కుండా ఆమె మావయ్య జగదీశ్వరరావు తోటకు మందు కొట్టే ట్రాక్టరు వచ్చింది. కబురు తెలిసి కుసుమ వెళ్లేసరికి, అప్పుడే చెట్టు దిగిన దింపు కూలీ అప్పలసూరి పంచె ఒడిలోంచి ఐదారు రెక్కల పురుగుల్ని తీసి చూపించాడు.

“సూసేవా కోడలా? బూడిద రంగు. నల్లతల పురుగుకి రెక్కలొస్తే ఇదే రంగు. నీ పురుగులు ఏటి సేసినాయి, మేత మేసి పడుకున్నాయా?” అన్నాడు జగదీశ్వరరావు. ట్రాక్టరు డ్రైవరు నవ్వాడు.

మందు కొడితే మిత్రపురుగులన్నీ చస్తాయి. ఆ తర్వాత ఆమె మాట ఏ తోటలోనూ చెల్లదు.

కుసుమ చూపు సూరి పంచె మీద ఆగింది. మడతలో ఇటుకరంగు పొడి అంటుకుని ఉంది.

“ఏటి సూరి బావా, ఒళ్లో పెట్టుకుని చెట్టంతా జారినావా? రెక్కల రంగంతా నీ పంచెకి పూసేసినావు. అలా దింపితే ఏ పురుగైనా బూడిదే.” సంచిలోంచి గాజుసీసా తీసి ఇచ్చింది. “మళ్లీ ఎక్కు. సెయ్యి తగలకుండా సీసాలో పట్టు.”

“నీ మాటకి రెండుసార్లు ఎక్కాలేటి?”

“ఎక్కు సూరీ,” అన్నాడు జగదీశ్వరరావు.

సీసాలోకి వచ్చిన పురుగు రెక్కలు పరిచి కూర్చుంది. ఇటుకరంగు, మధ్యలో నల్లటి అడ్డగీత. కుసుమ భూతద్దం మావయ్య చేతిలో పెట్టింది.

“మీసాలు సూడు మావా. దువ్వెన పళ్లలా లేవూ? నల్లతల దానికి దారాల్లా సన్నగా ఉంటాయి. అది రెక్కలు ఒంటికి ముడుచుకుని పడుకుంటాది. ఇది పరిచేసింది. దీని పేరు నాకూ తెల్దు. నల్లతలది మాత్రం కాదు.”

కింది మట్ట ఒకటి వంచి, ఆకు అడుగున గూడు చీల్చింది. లోపల నల్లతల పురుగు వాడి వేలాడుతోంది. పక్కనే బియ్యపు గింజల్లా చిన్న తెల్లటి గూళ్లు.

“ఇయ్యి నా పురుగులు. పడుకోలేదు మావా, దాన్ని తినేసి కాపురం పెట్టినాయి.”

జగదీశ్వరరావు మరో రెండు ఆకులు తనే చీల్చి చూశాడు. డ్రైవరు వైపు తిరిగి, “గొట్టం సుట్టేయి,” అన్నాడు. “పద కోడలా, పక్కన మురళీమోహన్ తోటకీ మందు సెప్పేరు. నువ్వే సెప్పు ఆడికి.”

“వత్తాను. ముందు బొండం దింపించు. మందు కొట్టుంటే నెల్లాళ్లు ముట్టేవోళ్లం కాదు.”

అప్పలసూరి మూడోసారి చెట్టెక్కాడు, ఈసారి గొణగకుండా.